దవాఖానకు రాని తోడేలు

పశువైద్యంలో చేరబోయే పిల్లలు ఈ మధ్య అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. వాళ్లు అడిగేది ఒకటే: "సార్, నౌకరి ఎట్లుంటది?" నేను చెప్పేదీ ఒకటే: "వాసనొస్తది." వాళ్లు నవ్వి, చాయ్ తాగి, వెళ్లిపోతారు. మిగతాది చెప్పనివ్వరు. అందుకే రాస్తున్నాను.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, వాటి మీద ఆసక్తి ఉన్నది మా ఆవిడ ఒక్కతికే. ఆమెకూ ఇప్పుడు తగ్గింది.

మాది సిద్దిపేటలో బట్టల దుకాణం. నాయిన నన్ను డాక్టర్‌ను చేయాలనుకున్నాడు, అయ్యాను. ఎవరికి అన్నది ఆయన ముందే తేల్చి చెప్పలేదు. చుట్టాలు అడిగితే "మావోడు డాక్టర్" అని అక్కడితో ఆపి, చీరలు చూపించడం మొదలుపెట్టేవాడు.

కాలేజీలో మాకు నేర్పినదంతా యజమాని ఉన్న జంతువుల గురించే. ఎద్దు, బర్రె, గొర్రె, కోడి. యజమాని లేని జంతువు మీద పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా వచ్చిన గుర్తు లేదు. ఉద్యోగంలో చేరాక తెలిసింది, యజమాని లేనివాటి బాధ కూడా చివరికి మన బల్ల మీదికే వస్తుందని. నా సర్వీసు మొత్తంలో ఒక్క తోడేలు కూడా దవాఖాన మెట్లెక్కలేదు. అయినా ఈ వృత్తి గురించి నాకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఒకటి తోడేలు వల్లనే తెలిసింది.

కుక్కల మందు

ఎనభైల మధ్యలో నన్ను మిరుదొడ్డి దిక్కు ఒక ఊరికి వేశారు. దవాఖాన అంటే కిరాయికి తీసుకున్న రెండు గదులు. ఒక గదిలో నేను, ఇంకో గదిలో తాళం వేసిన అల్మారా. అల్మారాలో చాలా మందులు ఉండాల్సింది, కొన్ని ఉండేవి. ఎప్పుడూ నిండుకోకుండా ఉన్నది మాత్రం ఒక గోధుమ రంగు సీసా. పిచ్చికుక్కలు ఎక్కువైనప్పుడు మాంసంలో కలిపి పెట్టడానికి వాడే విషం అది. ఊళ్లో దాన్ని 'కుక్కల మందు' అనేవారు. మందు అనే మాటను మనవాళ్లు ఎంత ఉదారంగా వాడతారో అప్పుడే చూశాను. అయితే ఒకటి ఒప్పుకోవాలి, మా దవాఖానలో ఇచ్చిన ప్రతిసారీ పనిచేసిన మందు అదొక్కటే.

మా పై అధికారిని పెద్దసారు అనేవాళ్లం. మంచి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆయన వైద్య సిద్ధాంతం చాలా సులువు: ఫిర్యాదు రాని జంతువు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆ లెక్కన చచ్చిన జంతువులన్నీ ఆరోగ్యంగానే ఉండేవి.

కొమురయ్య సాక్ష్యం

ఒకనాడు పొద్దున్నే కొమురయ్య వచ్చాడు. కురుమల పెద్దమనిషి. నల్ల గొర్రెల మంద ఉంది ఆయనకు. ఊళ్లో గొర్లకాపరులంతా ఆయన మాట వింటారు. గొంగడి విప్పి, అందులో చుట్టి తెచ్చిన, తినగా మిగిలిన గొర్రెపిల్ల సగభాగాన్ని నా బల్ల మీద పెట్టాడు.

"కొమురయ్యా, జర ముందు తేవాలె గదనే" అన్నాను.

"మందుకు తేలే సారూ. సాక్ష్యానికి తెచ్చిన."

ఊరి వెనక గుట్ట ఉంది. పెద్ద పెద్ద బండలు, వాటి సందుల్లో తంగేడు పొదలు, ముళ్లకంప. అక్కడ తోడేళ్ల జంట ఉందని, ఆడది పిల్లలు పెట్టిందని కొమురయ్య చెప్పాడు. పోయిన ఎండాకాలం నుంచి మందలో గొర్లు తగ్గుతూనే ఉన్నాయి.

"కుక్కలకు వెట్టే మందున్నది గద మీ తాన. గది జర ఇయ్యున్రి. సచ్చిన గొర్రెల వెట్టి గుట్ట కాడ వడేస్తం. మా తిప్పల వోతది, మీకు గూడ మేం వచ్చుడు తప్పుతది."

రెండో లాభం నన్ను కొంచెం ఊగించింది. కానీ "పెద్దసారును అడగాలె" అన్నాను. ప్రభుత్వంలో ఇంతకన్నా గట్టి గోడ ఇంకా కట్టలేదు.

పెద్దసారును అడిగితే "ఇచ్చెయ్యవయ్యా, ఫిర్యాదు తీరిపోతది" అన్నాడు.

"సార్, తోడేలును చంపొద్దని చట్టమున్నది."

"అది అడవోళ్ల చట్టం. మనది పశువుల శాఖ."

అడవోళ్లను, అంటే అటవీశాఖ వాళ్లను, అడిగితే ఆ గుట్ట అడవి కిందికి రాదన్నారు. తోడేలు ఆ గుట్టను ఎంచుకునేటప్పుడు ఈ సంగతి కనుక్కోలేదు. మళ్లీ పెద్దసారు దగ్గరికి వెళ్లి, ఆ ముక్కే కాగితం మీద రాసివ్వమన్నాను. ఆయన కిటికీలోంచి బయటకు చూసి, వానలెట్లున్నయని అడిగాడు. పిల్లలూ, ఉద్యోగంలో ఇది పనికొస్తుంది: నోటితో ఇచ్చిన చెడ్డ ఆర్డరును ఆపడానికి వాదన అక్కర్లేదు, రాతలో అడిగితే చాలు.

ఆ తర్వాత కొన్నాళ్లు, గొర్రె చచ్చిందని కబురు రాగానే నేనే మంద దగ్గరికి పోయి చూశాను. తోడేలు గొంతు పట్టి చంపుతుంది, పిల్లనైతే ఎత్తుకుపోతుంది. ఊరకుక్కలకు అంత పనితనం లేదు. వెనక కాళ్లు, డొక్కలు చీల్చి, నాలుగైదింటిని పాడుచేసి, సగం తిని వదిలేస్తాయి. నేను చూసినవాటిలో ఎక్కువ కుక్కల పనే. ఆ మాటే కొమురయ్యతో అన్నాను.

"సచ్చినంక తోడేలైతేంది, కుక్కైతేంది సారూ? గొర్రె లేస్తదా?"

"విషం పెడితె నీ మంద కుక్కలు గూడ సస్తయి. కుక్కకు వాసన జూసి తినే తెలివే తప్ప, ఎవలి కోసం పెట్టిన్రో తెలవది."

"మా కుక్కలను కట్టేస్తం."

"కట్టేసిన కుక్క మందను ఎట్ల కాస్తది?"

కొమురయ్య గొంగడి భుజం మీదికి ఎగదోసుకున్నాడు. తర్వాత నిదానంగా, నా మర్యాద ఏమాత్రం తగ్గించకుండా చెప్పాడు: "పురుగుల మందు దుకాణంల గూడ దొరుకుతది సారూ. మీరిస్తె సర్కారు మందు, లేకుంటె దుకాణం మందు. పెద్దమనుషులు, మిమ్ముల కాదని చేసుడెందుకని అడుగుతున్న. వచ్చే అంగడి దాకా సూస్త."

అంటే గుట్ట మీది తోడేళ్లకూ, వాటి పిల్లలకూ వచ్చే వారపు సంత దాకా గడువు. దాన్ని పొడిగించే మందు నా అల్మారాలో లేదు.

అంగడికి వచ్చిన తోడేలు

అంగడి రోజు కూరగాయల వరస దగ్గర డప్పు మోగింది. ఇద్దరు మనుషులు కట్టెకు ఒక తోడేలును వేలాడదీసి మోసుకొస్తున్నారు. దాని నుదుటికి పసుపు, కుంకుమ. మెడలో బంతిపూల దండ. ముందు డప్పు కొడుతూ ఎల్లయ్య అనే వేటగాడు.

ఈ ఆచారం మా దిక్కున పాతదే. తోడేలును కొట్టినవాడు దాన్ని ఊరూరా తిప్పుతాడు. శత్రువు పీడ పోయిందని గొర్లకాపరులు ఒకరు జొన్నలు, ఒకరు గొర్రె బొచ్చు, కలిగినవాళ్లు ఒక గొర్రెపిల్లను ఇస్తారు. చచ్చిన తోడేలుకు దొరికే ఈ గౌరవం బతికినదానికి దొరకదు, ఆ మాటకొస్తే చాలామంది మనుషులకూ దొరకదు.

"గుట్ట తోడేలు సచ్చింది!" అని అంగడంతా ఒకటే అరుపు. కొమురయ్య మొహం విప్పారింది. చిన్నకొడుకును పిలిచి మందలోంచి ఒక పిల్లను తెమ్మని పంపాడు. ఆ మనిషిని తప్పుపట్టలేకపోయాను. నాకు మాత్రం గుట్ట మీది బండల సందులో కూనలు గుర్తొచ్చాయి.

కొమురయ్యకూ అవే గుర్తొచ్చాయి, వేరే రకంగా. "సారూ, జర జూసి చెప్పున్రి, ఆడిదా మొగదా? ఆడిదైతె కూనలు గూడ సస్తయి, ఒక్కపారే పీడ వోతది."

జనం దారిచ్చారు. తోడేలును నేల మీద దించారు. నేను కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టాను. పొట్ట గరగరలాడింది. వేళ్లకు సుతిలి దారంతో వేసిన కుట్లు తగిలాయి. ఒక కుట్టు సందులోంచి వరిగడ్డి పోచ బయటికొచ్చి ఉంది. కళ్ల స్థానంలో గోలీలు. రోగి పరిస్థితి విషమంగా ఏమీ లేదు, పాతబడి ఉందంతే.

ఎల్లయ్య నా పక్కన చతికిలబడి డప్పును అడ్డం పెట్టుకున్నాడు.

"సారూ, జర మెల్లగ."

"ఇది ఎప్పుడు సచ్చింది ఎల్లయ్యా?"

"మా నాయిన గొట్టిండు సారూ."

"మీ నాయిన ఏడున్నడు?"

"ఆయన గూడ వోయిండు."

కొంచెం సేపు ఇద్దరం గౌరవంగా మౌనం పాటించాం.

"మీ కాల్మొక్త, గడ్డి అని చెప్పకున్రి. మా నాయిన కాలంల యేడాదికోటి కొత్తది దొరుకుతుండె. ఇప్పుడు గజ్వేల్ దిక్కు, దుబ్బాక దిక్కు, ఏ గుట్ట దేవులాడినా ఒక్కటి లేదు. తోడేళ్లు లేక మేం ఆగమైతున్నం సారూ."

తోడేళ్లు తగ్గిపోతున్నాయని బాధపడిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. అతను వాటిని చంపేవాడు కావడం వేరే సంగతి.

రోగి గుట్టు బయటపెట్టకూడదని కాలేజీలో చెప్పారు. రోగి గడ్డి అయితే ఏం చేయాలో చెప్పలేదు. నేను లేచి ఏం చెప్పాలా అని గొంతు సవరించుకునే లోపల కొమురయ్య తోడేలు తల మీదికి వంగాడు. ఎడమ చెవి మధ్యలోకి రెండుగా చీలి ఉంది. దాన్ని వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"గీ చెవ్వు నాకెర్కే" అన్నాడు.

చెవిని వదలకుండానే మళ్లీ అన్నాడు:

"నా పెండ్లైన యేడు గీ తోడేలుకు మా బాపు పిల్లనిచ్చిండు. నేనే మంద నుంచి ఎత్తుకొచ్చి చేతుల వెట్టిన. గిదే చెవ్వు."

మిరపకాయలు అమ్ముకునే ఆమె వెనక నుంచి అంది: "కొమురన్నా, నువ్వు గింత ముసలోనివైనవ్, అది జూడు, పొల్లగాని లెక్కనే ఉన్నది!"

అంగడంతా నవ్వింది. ఎల్లయ్య కూడా నవ్వాడు. దొరికిపోయినవాడికి అంతకన్నా మంచి దారి లేదు. నవ్వి, చేతులు జోడించి, వెంటనే బేరానికి దిగాడు.

"తప్పే మామా. గడ్డే. అయితె ఒక పని జేస్త. మీ గుట్ట మీద పానంతోని ఉన్నయంటున్రు గద. రేపే కొట్టి పెడ్త, ఒక్క పైస వద్దు. తోలు నాకియ్యి, సాలు. ఇది ఇంక కుట్లకు ఆగుతలేదు."

కాపరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచి బేరమే. విషం అక్కర్లేదు, డాక్టరుతో పని లేదు, ఖర్చు లేదు. చట్టముందని నేను అన్నాను. ఎవరో "అవ్ సారూ" అని గౌరవంగా అన్నారు, అంతే. చట్టం నా నోట్లోంచి బయటికొచ్చి మిరపకాయల వరస దాకా కూడా పోలేదు.

కొమురయ్య చుట్ట వెలిగించాడు. మొదటి దమ్ము పూర్తిగా వదిలాక అడిగాడు:

"ఎల్లిగా, పానంతోనున్న తోడేలు నా మందల ఎన్ని తింటదిరా?"

"యేడాదికి ఓ నాలుగైదు పిల్లలు తింటదేమో మామా."

"అది గూడ నా కండ్లు మూతవడితేనే తింటది. గీ సచ్చింది జూడు. మా బాపు తాన తిన్నది. ఇయ్యాల నా తాన తిననీకె వచ్చింది. రేపు నా మనుమని తాన తింటది. నా ఒక్కని మంద గాదు, ఊరూరికి తింటది. కడుపుల గడ్డి వెట్టుకొని గింత తిన్న తోడేలు ఇంకోటి లేదు."

"అట్ల గాదు మామా..."

"నా గుట్ట మీది దాన్ని గూడ గిట్లనే జేస్తవా? పానమున్నదానికి ఎన్నడన్న సావున్నది. నీ తోలుకు సావు గూడ లేదు గదరా! నడువ్. గుట్ట దిక్కు వోతె కాళ్లిరగ్గొడ్త."

అంతలో చిన్నకొడుకు గొర్రెపిల్లతో వచ్చాడు. కొమురయ్య దాన్ని తన భుజం మీద వేసుకుని ఇంటికి పోయాడు. కాపరులు నవ్వుకుంటూ ఆయన వెంట పోయారు. వన్యప్రాణి సంరక్షణ మీద నేను హాజరైన సమావేశాల్లో తీర్మానం అమలైనది అదొక్కటే.

ఎవరి తోడేలు, ఎవరి గొర్రె

కొమురయ్య ఆ రోజు నుంచి తోడేళ్లను ప్రేమించాడని రాస్తే మీకు బాగుంటుంది, కానీ అబద్ధం. పొద్దున లేస్తే గుట్ట వైపు తిరిగి వాటిని తిట్టేవాడు. అయితే మంద చుట్టూ ముళ్లకంప ఎత్తు పెంచాడు. ఇంకో కుక్కను తెచ్చుకున్నాడు. విషం అడగడం మానేశాడు, గుట్ట మీద ఎవరినీ పెట్టనివ్వలేదు. తోడేలుకు అంతకన్నా ప్రేమ అక్కర్లేదు.

ఉపన్యాసాల్లో వేరే కారణాలు చెబుతారు. తోడేలు కుందేళ్లను, ఎలుకలను, అడవిపందులను అదుపులో పెడుతుందని, పంటకు మేలని. నిజమే. ఊరకుక్కల గుంపులు గుట్ట ఎక్కకుండా ఆపింది కూడా తోడేళ్లేనని నాకు తర్వాత అర్థమైంది. కానీ లాభం ఉంది కాబట్టి కాపాడండి అంటే, లాభం లేదని తేలిన రోజున చంపుకోండి అన్నట్టే. నేను ఆ దారిన పోను.

నా కారణం వృత్తిది. గొర్రె చస్తే కొమురయ్యకు నష్టం, మరుసటి ఈతలో పుట్టే పిల్లలతో కొంతైనా పూడుతుంది. నేను మందిస్తాను, టీకా వేస్తాను, పొట్టేలును మార్పిస్తాను. నా చదువంతా పోయినదాన్ని మళ్లీ తెచ్చే చదువే. గుట్ట మీది ఆఖరి జంట పోతే తేవడానికి ఎక్కడా ఏమీ లేదు. చికిత్స లేని రోగానికి రాకుండా చూసుకోవడం ఒక్కటే వైద్యమని మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. అది యజమాని ఉన్న జంతువుకే వర్తిస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. తోడేలు బతకాలన్నది దేశమంతటి కోరిక. అది తినే గొర్రెపిల్ల మాత్రం కొమురయ్య ఒక్కడిది. ఆ పిల్లకు బదులు చెప్పకుండా ఆయనకు చట్టం చదివి వినిపించే ఆఫీసర్లు కావద్దు మీరు. నేనూ ఒకరోజు అంగడిలో వినిపించాను, అది ఎంత దూరం పోయిందో చెప్పాను కదా.

తోడేళ్లు ఆ తర్వాత కొన్నేళ్లు ఉన్నాయి. కూనలు పెరిగాయి. నాకు బదిలీ అయింది. తొంభైల్లో ఆ గుట్టకు కంకర మిషన్లు వచ్చాయి. బండలు పోయాయి, వాటితోపాటు సందులూ పోయాయి. తోడేళ్లను ఎవరూ చంపలేదు. అందుకే ఎవరినీ అడగడానికి లేదు. ఒకసారి ఆ దిక్కు పోయినప్పుడు కొమురయ్యను చూశాను. మందలో కుక్కలు పడి ఆ వారమే గొర్లను చీల్చాయట. గుట్ట ఉన్న చోట ఇప్పుడు గుంత ఉంది. ఆయన ఆ వైపు చెయ్యి చూపించి, "తిట్టనీకె గూడ ఏం లేదు సారూ" అన్నాడు.

ప్రజ్ఞాపూర్‌లో బస్సు

రిటైరైన కొత్తల్లో ఒక మధ్యాహ్నం ప్రజ్ఞాపూర్‌లో సిద్దిపేట బస్సు ఎక్కాను. ముందు డోరు దగ్గర లొల్లి. కండక్టర్ ఒక ముసలాయన్ను ఎక్కనివ్వడం లేదు. ముసలాయన చంకలో గోనెసంచి, సంచిలోంచి బయటికి ఒక తల.

"కుక్కలను ఎక్కియ్యం పెద్దమనిషీ. దిగు."

"కుక్క గాదు బిడ్డా, తోడేలు."

"తోడేలు గిట్లుంటదా? గిది మా గల్లీల కుక్క లెక్కనే ఉన్నది."

బస్సులో నవ్వులు. ముసలాయన నవ్వలేదు. "నీకు తెల్వది బిడ్డా. గిది తోడేలే. ఊర్లల్ల గూడ గిట్లనే అంటున్రు. సచ్చిన కుక్కను దెచ్చి మోసం జేస్తున్నవంటున్రు. ఎవ్వలు గుర్తువడ్తలేరు." సాయం కోసం సీట్ల వైపు చూశాడు. చూపు నా మీద ఆగింది.

"సారూ! మీరన్న చెప్పున్రి!"

ఎల్లయ్య. ఒకప్పుడు నా పక్కన చతికిలబడి, ఇది గడ్డి అని చెప్పొద్దని కాళ్లు మొక్కినవాడు.

లేచి దగ్గరికి వెళ్లాను. అద్దాలు పెట్టుకున్నాను. బొచ్చు చాలావరకు రాలిపోయింది. సుతిలి కుట్లు పోయి ప్లాస్టిక్ దారం వచ్చింది. ఒక గోలీ రంగు మారింది. ఎడమ చెవి రెండుగా చీలి ఉంది. ఆ చెవి నాకూ ఎరుకే.

"తోడేలే" అన్నాను కండక్టర్‌తో. "నేను పశువుల డాక్టర్ను."

కండక్టర్ నవ్వు ఆపాడు. వంగి, వేలితో ఆ ముక్కును ఒకసారి ముట్టుకుని చూశాడు.

"నేనెన్నడు సూడలే సార్. గివి ఇప్పుడు ఏడుంటయి?"

సర్వీసంతా రైతులు అడిగిన ప్రతిదానికీ ఏదో ఒక జవాబు చెప్పి పంపాను. మిరుదొడ్డి దిక్కు ఒక గుంత గుర్తొచ్చింది.

"గీడనే" అని గోనెసంచి చూపించాను.

అతను సీట్ల వైపు తిరిగాడు. నా పక్క సీట్లో సామాను పెట్టుకున్నాయనతో, "జర జరుపున్రి, జాగియ్యున్రి" అన్నాడు. నా సర్వీసంతా దవాఖాన మెట్లెక్కని తోడేలు, ప్రజ్ఞాపూర్ నుంచి సిద్దిపేట దాకా నా పక్కన కూర్చుని వచ్చింది. దానికి టికెట్ కొట్టలేదు.